పీచు ఫ్యాక్టరీలో పట్టుచీరలు

నా మొదటి కంటిన్యుటీ పుస్తకంలో ఎనిమిది గడులుండేవి. సీను నంబరు, షాటు నంబరు, టేకు, లెన్సు, బొట్టు, గాజులు, పువ్వులు, తడి. ఆఖరి గడి సంగతి ముందు చెప్పేస్తాను.

తొంభైల్లో మా కోనసీమకి సినిమా వాళ్ళు వచ్చారంటే పాట తియ్యడానికే. కొబ్బరి తోట, కాలువ, పడవ, వాన. వాన ట్యాంకరు లారీలో వచ్చేది. హీరోయిన్ తడుస్తుంది. భోజనానికి ఆపుతారు, ఆవిడ చీర ఆరిపోతుంది. భోజనం తర్వాత పొద్దున్న ఎంత తడిసిందో సరిగ్గా అంతే తడపాలి. లేకపోతే తెర మీద ఒకే చరణంలో చీర తడిసి, ఆరి, మళ్ళీ తడుస్తుంది. అంచేత తడి ఎంతో రాసుకోవడం కంటిన్యుటీ అసిస్టెంటుగా నా ఉద్యోగం. పావు, అర, ముప్పావు, నిండా. సివిల్ డిప్లొమా చదివినవాణ్ణి, కొలత లేని మాట రాయడం నాకు పడదు. చిన్న బొమ్మ గీసి, తడిసినంత మేర పెన్సిల్‌తో షేడింగు వేసేవాణ్ణి. ఆ షేడింగుకి యూనిట్లలో నాకు మంచి పేరొచ్చింది. ఇరవై మూడేళ్ళ వయసులో పేరు దేనికొచ్చిందని ఎవడు చూస్తాడు?

ఇప్పుడు ఫోనులో తీసి, వెంటనే వెనక్కి తిప్పి చూసుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక్క మాట. మాకు ఆ సౌకర్యం లేదు. ఫిల్ము మద్రాసు వెళ్ళి, కడిగించుకుని, తిరిగొచ్చేదాకా ఏం తీశామో ఎవరికీ తెలీదు. నిన్నటి షాటులో ఎవరి చెయ్యి ఎక్కడుందో నా పుస్తకంలో ఉంటేనే ఉన్నట్టు. సినిమా అంతా కలిపి నమ్మదగ్గ కాగితం నాదొక్కటే అని నా గట్టి నమ్మకం.

ఈ నమ్మకంతో ఉండగా ఒకావిడ నన్ను పనికి పిలిచారు. డైరెక్టరు. పన్నెండేళ్ళు ఇతరుల దగ్గర అసిస్టెంటుగా చేసి, మొదటి సినిమా తీస్తున్నారు. ఆ పన్నెండేళ్ళలో లేడీ అసిస్టెంటుకి ఎవరూ కుర్చీ వెయ్యలేదట, అంచేత సొంత మడత స్టూలు భుజానికి తగిలించుకుని తిరగడం అలవాటైపోయింది. నేను గర్వంగా నా పుస్తకం ఆవిడ చేతికిచ్చాను. పేజీలు తిప్పుతూ షేడింగుల దగ్గర పకపకా నవ్వడం మొదలుపెట్టారు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"చాలా బాగా రాశావు. ఈ పాటలో ఆ అమ్మాయి ఏం చేస్తోంది?"

"తడుస్తోందండి."

"ఇంకో పాటలో?"

నేను పేజీ చూశాను. "ముప్పావు తడిసిందండి."

"మొత్తం పుస్తకంలో ఎక్కడా ఏ ఆడమనిషీ ఏ పనీ చెయ్యలేదేం?"

నిజంగానే లేదు. రెండు సినిమాలు, నూట నలభై పేజీలు. ఆవిడ నా స్కేలు తీసుకుని తడి అన్న గడిని అడ్డంగా కొట్టేసి, పైన 'ఏం చేస్తోంది' అని రాశారు. "ఇది నింపలేకపోతే ఆ షాటు నేను తియ్యను. నువ్వే చెప్పాలి నాకు" అన్నారు. డైరెక్టరుని ఆపే అధికారం నాకిచ్చారని ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేకపోయాను.

కథ కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొబ్బరి డొక్కలు కొట్టడం, పీచు ఆరబెట్టడం, తాడు పేనడం. అక్కడ వాళ్ళకి మరుగుదొడ్డి లేదు. వాళ్ళు పని ఆపి, ఓనరింటికి వెళ్ళి, తలుపున్న దొడ్డి ఒకటి కట్టించమని అడుగుతారు. అంతే కథ.

నిర్మాత రావులపాలెంలో అరటికాయల వ్యాపారం చేసే ఆయన. మంచివాడు, కానీ భయస్తుడు. "దొడ్డి గురించి సినిమా ఏంటమ్మా" అని మొదటిరోజు నుంచీ అంటూనే ఉన్నాడు. మధ్యలో ఒక వాన పాట పెట్టమని అడిగేవాడు. ఆవిడ "పెడదామండి, మీరు తడవండి" అనేవారు.

కాట్రేనికోన వైపు ఒక ఊళ్ళో నిజం ఫ్యాక్టరీలోనే షూటింగు. అక్కడ పనిచేసే ముప్పై రెండు మంది ఆడవాళ్ళే సినిమాలోనూ ఉన్నారు. హీరోయిన్ ఒక్కర్తే హైదరాబాదు నుంచి వచ్చింది. ఈ ముప్పై రెండు మందికీ పెద్ద ఒక మామ్మగారు. నన్ను 'రాసే బాబు' అని పిలిచేది. నేను వాళ్ళ గాజులు లెక్కపెట్టుకుంటుంటే, "నా ఎడం చేతివి ఆరు, కుడి చేతివి ఐదు బాబూ. ఒకటి డొక్క కొడతా పగిలింది. రాసుకో, పైనోడు అడుగుతాడు" అనేది.

ఆఖరి సీనులో దొడ్డి కట్టినట్టు చూపించాలి కాబట్టి మా ఆర్టు వాళ్ళు ఫ్యాక్టరీ మూలన ప్లైవుడ్‌తో ఒకటి కట్టారు. సున్నం, పెంకులు, ఆకుపచ్చ తలుపు. మధ్యాహ్నం మామ్మగారు తలుపు తీసి లోపలికి చూసింది.

"బాబూ, ఇందులో గొయ్యి లేదేంటి?"

"కెమెరా లోపలికి వెళ్ళదండి మామ్మగారూ."

"మేం వెళ్తాం గదా?"

నిజం ఫ్యాక్టరీలోనూ దొడ్డి లేదన్న సంగతి నాకప్పుడు తట్టింది. వారం రోజులుగా మా యూనిట్ ఆడవాళ్ళు ఎదురింటికి వెళ్ళొస్తున్నారు. వారం రోజులుగా నేను గాజులు లెక్కపెడుతున్నాను.

షూటింగు ఇంకో రెండు రోజుల్లో అయిపోతుందనగా నిర్మాత వచ్చాడు. అప్పటిదాకా తీసిన ఫిల్ము కడిగి వచ్చింది, చూశాడు. అన్నీ చేతులు, వీపులు, పీచు, దుమ్ము.

"అమ్మా, గెల చూడ్డానికి బానే ఉంది. పండుద్దో లేదో నాకు తెలవట్లేదు" అన్నాడు. "ఎల్లుండి ఆ అడగడానికి వెళ్ళే సీను నేనొచ్చి చూస్తాను. మా పెద్దాయన కూడా వస్తారు." పెద్దాయన అంటే పాతిక సినిమాలు తీసిన సీనియర్ డైరెక్టరు. "ఆయనకి కుదిరిందనిపిస్తే సరే. లేదంటే మిగతాది ఆయన తీస్తారు. మీరు పక్కనుండి సాయం చెయ్యండి. పోస్టరు మీద పేరు సంగతి తర్వాత చూద్దాం."

ఆవిడ "సరేనండి" అన్నారు. స్టూలు మడిచారు, విప్పారు, మళ్ళీ మడిచారు. పన్నెండేళ్ళ తర్వాత దొరికిన సినిమా ఒక్క సీను మీద ఆగిందని యూనిట్ మొత్తానికి తెలిసింది.

దానికి తోడు ఆ సీనుకి మిగిలిన ఫిల్ము ఒక్కటే డబ్బా. నాలుగు వందల అడుగులు. అంటే నాలుగున్నర నిమిషాల కన్నా కాస్త తక్కువ. రెండు నిమిషాల షాటు, రెండు టేకులు. మూడోది లేదు.

ముందురోజు ఫ్యాక్టరీలో పని ఆపి, చేతిలో తాళ్ళు కింద పడేసి, అందరూ గేటు దాటే షాటు తీశాం. స్క్రిప్టు ప్రకారం దాని వెంటనే, కాలువ గట్టు మీద వరసగా ఓనరింటికి నడిచి వస్తున్న షాటు. గేటులోంచి గట్టు మీదకి నేరుగా కట్. కంటిన్యుటీ వాడికి ఇంతకంటే పరీక్ష ఉండదు. ముప్పై రెండు మంది చీరలు, మడతలు, జుట్టులో పీచు, మోకాలి దాకా మట్టి, అన్నీ బొమ్మలతో సహా రాశాను. సాయంత్రం అందర్నీ నిలబెట్టి రేపటికి సూచనలు చదివాను. మొత్తం పదకొండు. ఎనిమిదింటికి రావాలి. టిఫిను ఇక్కడే. పిల్లల్ని తేవద్దు. మేకల్ని తేవద్దు. ఇలాంటివన్నీ. నిన్నటి చీరే కట్టుకు రండి అన్న మాట అందులో లేదు. చెప్పక్కర్లేదనుకున్నాను. పది రోజులుగా వాళ్ళు అవే చీరల్లో వస్తున్నారు మరి.

పన్నెండోది నేను రాసుకోలేదు, మామ్మగారు అడిగింది.

"రేపైనా మా మొహాలు కనబడతాయా బాబూ?"

నాకు కచ్చితంగా జవాబు చెప్పడం ఇష్టం. "ఆయ్. రేపు ఒక్కొక్కరి మొహం తెరంత కనబడుద్దండి" అన్నాను.

మా వైపు ఫోటో అంటే స్టూడియో. స్టూడియో అంటే ఉన్నవాటిలో మంచి చీర. ఈ సంగతి నాకు తెలీదా? మా అమ్మ ఓటరు కార్డు ఫోటోకి కూడా పెళ్ళిచీర కట్టుకెళ్ళింది. తెలిసిందంతా తెలిసే ఆ ముక్క అన్నాను.

మర్నాడు ఎనిమిది కొట్టేసరికి గట్టు మీద నుంచి వస్తున్నారు. నేను దూరం నుంచి చూసి ఎవరిదో పెళ్ళి ఊరేగింపు మా షూటింగుకి అడ్డొస్తోందని విసుక్కున్నాను. దగ్గరికొచ్చాక మామ్మగారు చెయ్యి ఊపింది. నా చెయ్యి తనంతట తనే లెక్కపెట్టేసింది. పట్టుచీరలు పదిహేడు, మెరిసే పాలిస్టరువి పన్నెండు, క్రిస్మస్‌కి కొన్న తెల్లచీరలు మూడు. మొత్తం ముప్పై రెండు. పౌడరు ముప్పై రెండు మందికీ. కనకాంబరాలైతే ఊళ్ళో మొక్కలకి ఒక్కటీ మిగల్లేదు. నిన్నటి షాటుతో కలిసే వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదు.

మేనేజరు ముందుగా తేరుకున్నాడు. "ఏంటిది? వెళ్ళి నిన్నటి చీరలు కట్టుకురండి."

"అవి ఉతికేసేం అండి" అంది ఒకావిడ.

"తడివైనా కట్టుకురండి."

"తడి చీరలో సినిమాకా? అట్టాంటి సినిమాలు మేం చెయ్యమండి" అంది ఇంకో ఆవిడ. వెనకాల నవ్వులు.

నేను డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. తప్పు నాదేనని, ఉద్యోగం మానేస్తానని, కానీ ముందు ఏం చెయ్యాలో నాలుగు మార్గాలు రాశానని చెప్పాను. నాలుగోది సీను ఎత్తేయడం. ఆవిడ కాగితం చూడలేదు. వాళ్ళ వంక చూస్తున్నారు. మేనేజరు మళ్ళీ అరవబోతే చెయ్యెత్తి ఆపారు.

"మామ్మగారూ, కథలో ఇప్పుడు మీరు ఎక్కడికి వెళ్తున్నారో తెలుసు కదండీ?"

"తెలవకేం అమ్మా. ఓనరు గారింటికి. దొడ్డి కట్టించమని అడగడానికి."

"దానికి పట్టుచీరలా?"

మామ్మగారికి ఆ ప్రశ్నే వింతగా అనిపించింది. "న్యాయం మాట్టాడ్డానికి ఒకరింటికి వెళ్తా మాసిన గుడ్డ కట్టుకుంటామా అమ్మా? అట్టా వెళ్తే గుమ్మంలోనే చారెడు బియ్యం పోసి పంపేస్తారు. తలుపు పెట్టిస్తారా?"

మామ్మగారు కెమెరా వైపు చెయ్యి చూపించింది.

"ఇన్నాళ్ళూ మా చేతులు తీసేరు, వీపులు తీసేరు, పని తీసేరు. బానే ఉంది. ఇయ్యాళ మమ్మల్ని తియ్యండి."

డైరెక్టరు గారు నా వైపు తిరిగారు. "నిన్న గేటు దాటిన షాటుకీ దీనికీ మధ్య ఎంత టైము గడిచింది?"

"ఏం గడవలేదండి. నేరుగా కట్."

"స్నానం చేసి, జడేసుకుని, పట్టుచీర కట్టుకోడానికి ఎంత సేపు పడుతుంది?"

"మా ఇంట్లో అయితే గంటన్నర అండి."

"రాసుకో. గంటన్నర గడిచింది."

రాసుకున్నాను. నా జీవితంలో ఒక్క కలంపోటుతో అంత పెద్ద గండం దాటించడం అదే మొదలు. నిన్న దుమ్ములో గేటు దాటినవాళ్ళు ఇళ్ళకెళ్ళి, తలంటుకుని, పెళ్ళికి తయారైనట్టు తయారై, దొడ్డి అడగడానికి వస్తారు. ఆవిడ నవ్వు మొదలుపెట్టారు, ఆపలేకపోయారు. "నేను రెండేళ్ళు రాశాను ఈ స్క్రిప్టు. ఇది నాకెందుకు తట్టలేదు?" అంటూ స్టూలు మీంచి లేచి గిర్రున తిరిగారు.

కెమెరా ఆయన మద్రాసు మనిషి, రోజుకి పది మాటలు మాట్లాడేవాడు. పట్టు మెరుస్తుంది, ఎండలో జరీ తెల్లగా కాలిపోతుంది అని గొణిగాడు. మీటరు పట్టుకుని ఒక్కో చీర దగ్గరికీ వెళ్ళాడు. ఏడో చీర దగ్గరికొచ్చేసరికి ఈల వేస్తున్నాడు.

"పది రోజులుగా గోధుమరంగు తప్ప ఏం చూడలేదు నేను" అన్నాడు, "ఒక్క గోధుమరంగు."

అంతలో హీరోయిన్ వ్యాను దిగింది, చిరిగిన నూలుచీరలో, జుట్టుకి పీచు అంటించుకుని. పట్టుచీరల మధ్య నిలబడి, "నేనొక్కదాన్నే పనిమనిషిలా ఉన్నాను" అంది ఏడుపు గొంతుతో. మామ్మగారికి ఒక ఉపాయం తోచింది. కోడలి పెళ్ళిచీర ట్రంకుపెట్టెలో ఉంది. కోడలు ఫ్యాక్టరీకి రాదు, ఇంట్లోనే ఉంటుంది.

సైకిలు ఎవరిదో తీసుకుని నేను పరిగెత్తించాను. కోడలు పెట్టె తీసింది, చీర ఒళ్ళో పెట్టుకుంది, ఇవ్వలేదు.

"చీరనొక్కదాన్నే పంపను. దాంతోపాటు నేనూ వస్తాను."

"మిమ్మల్ని నిన్నటి షాటులో తియ్యలేదండి. లెక్క ముప్పై రెండే."

"మరైతే చీర కూడా నిన్నటి షాటులో లేదు గదా?"

పుస్తకం తీసి ఆవిడ పేరు కూడా రాసుకున్నాను. అయిదు నిమిషాల్లో తయారై సైకిలు వెనకాల కూర్చుంది. గట్టు సన్నం. సగం దూరం వచ్చేసరికి వెనక కారు హారను. నిర్మాత, పక్కన పెద్దాయన. తప్పుకోడానికి ఒకవైపు కాలువ, ఇంకోవైపు చేను. నేను తప్పుకోలేదు. సినిమా నిర్మాతనీ, పాతిక సినిమాల దర్శకుణ్ణీ సైకిలు వేగంతో కిలోమీటరు నడిపించిన ఘనత నాది. వెనక్కి తిరిగి కూర్చున్న కోడలు ఆ కిలోమీటరంతా పెద్దాయన్ని కళ్ళార్పకుండా చూసిందట. తర్వాత ఆవిడే చెప్పింది, "పెద్దాయన మూడుసార్లు దిక్కులు చూసేరండి" అని.

మొదటి టేకు. కెమెరా గట్టు మీద, ఓనరింటి గేటు దగ్గర, మనిషి మొహం ఎత్తున. వాళ్ళు వరసగా వచ్చి కెమెరా పక్కనుంచి దాటి వెళ్ళాలి. మామ్మగారు వచ్చింది. కెమెరా ముందు ఆగింది. పైట సర్దుకుంది. చేతులు రెండూ కిందికి చాపి, గెడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఫోటో క్లిక్కుమనడం కోసం. వెనకాల ముప్పై మూడు మందీ ఆగిపోయారు. క్లిక్కు రాలేదు. "అయిందా అండి?" అంది పెదాలు కదపకుండా. అప్పటికి రెండు నిమిషాలు.

"కట్" అన్నారు డైరెక్టరు గారు. కారు దగ్గర నిర్మాత తల పట్టుకున్నాడు. కెమెరా ఆయన మీటరులో మిగిలినవి చూసి రెండు వేళ్ళెత్తాడు. రెండు వందల అడుగులు.

ఆవిడ గట్టు మీద వాళ్ళ మధ్యకి వెళ్ళారు. నేను పుస్తకంతో వెనకే ఉన్నాను కాబట్టి అన్నమాట అన్నట్టే చెప్పగలను.

"అది ఫోటోగ్రాఫరు కాదు. అదే ఓనరు. ఓనరు కళ్ళలోకి చూస్తూ లోపలికి నడవండి. ఆగొద్దు."

"చూడొచ్చా అండి కెమెరాలోకి? చూడకూడదని మొదటిరోజు చెప్పేరు గదా" అంది ఒకావిడ.

"ఇవాళ చూడాలి."

రెండో టేకు. మామ్మగారు నడిచి వచ్చింది. ఆగలేదు. కెమెరాలోకి చూసింది, దాటింది. వెనకాల ఇంకొకరు, ఇంకొకరు. కోపం లేదు, ఏడుపు లేదు. పౌడరు, కనకాంబరాలు, జరీ, మొహాలు. హీరోయిన్ పదకొండోది, కోడలు పెళ్ళిచీరలో వాళ్ళలో ఒకతైపోయింది. నా వెనకాల పెద్దాయన గొణగడం వినిపించింది, "కెమెరా చూస్తున్నారు, తప్పు, తప్పు" అని. పదో మొహం దగ్గర గొణగడం ఆగింది. ఇరవయ్యో మొహం దాటుతుంటే నేను పక్కకి చూశాను. ఆయనకి తెలీకుండానే ఆయన చెయ్యి చొక్కా పై బొత్తం పెట్టుకుంటోంది, ఇంటికి ఎవరో పెద్దవాళ్ళు వచ్చినట్టు.

ముప్పై నాలుగో మొహం కోడలిది. ఆవిడ దాటుతుండగా డబ్బాలో ఫిల్ము అయిపోయి కెమెరా టపటపమంది. నా పుస్తకంలో 'ఏం చేస్తోంది' అన్న గడిలో ముప్పై నాలుగు సార్లు ఒకటే రాశాను: అడుగుతోంది.

పెద్దాయన నిర్మాత వైపు తిరిగి అన్నారు. "నేను తీస్తే వీళ్ళు హీరోయిన్ వెనకాల మసగ్గా నిలబడేవారయ్యా. ఆవిడనే తియ్యనీ."

"మరి పాటండీ?"

"నువ్వు ఆ వరస ముందు నిలబడి అడగ్గలవా పాట?"

నిర్మాత నిలబడలేదు. డైరెక్టరు గారి దగ్గరికొచ్చి, "ఇంకో రెండు డబ్బాలు రేపు పంపుతానమ్మా, ఆ దొడ్డి సీను కూడా మీరే కానివ్వండి" అన్నాడు. పెద్దాయన వచ్చిన దారి వృథా కాకుండా పలివెల గుడికి వెళ్తూ వెళ్ళిపోయారు. ఆవిడ గట్టు మీద కూలబడి, మామ్మగారి భుజం మీద తల పెట్టి, ముందు నవ్వి, తర్వాత ఏడ్చి, టీ ఎక్కడ అని అడిగారు.

నేను తర్వాత ఇంకో నాలుగేళ్ళు ఆ పని చేసి మానేశాను. ఇప్పుడు ఇళ్ళకి ప్లాన్లు గీస్తున్నాను. కుర్రాళ్ళు ఆ సినిమా ఆడిందా అని అడుగుతారు. అమలాపురంలో ఒక వారం ఆడింది. పోస్టరు మీద ఆవిడ పేరే ఉంది. మ్యాటినీకి ఫ్యాక్టరీ వాళ్ళందరూ ట్రాక్టరు మీద వచ్చారు. గట్టు షాటు వచ్చినప్పుడు ఒక్కో మొహానికీ ఒక్కో కేక. ఆ రెండు నిమిషాల్లో సంగీతం ఉందో లేదో నాకు ఈనాటికీ తెలీదు.

బయటికొచ్చాక మామ్మగారు నన్ను పట్టుకుని ఒక సంగతి చెప్పింది. మేం షూటింగు ముగించి, ప్లైవుడ్ దొడ్డి విప్పి వ్యానులో వేసుకుని వెళ్ళిపోయిన వారానికి, వాళ్ళు పొద్దున్నే తలంటుకుని, అందరూ మంచి చీరలు కట్టుకుని, వరసగా అసలు ఓనరుగారింటికి వెళ్ళారట. ఆయన వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. చూసి, నవ్వి, లేచి, లోపల్నుంచి కండువా తెచ్చి వేసుకున్నాడు.

"మళ్ళీ తీస్తున్నారా? కెమెరా ఏదే మామ్మా?"

"ఇయ్యాళ కెమెరా లేదండి" అందట మామ్మగారు. "మేమే వచ్చేం."

వానలు మొదలయ్యేలోపు గొయ్యి తవ్వించి, గోడలు లేపి, తలుపు పెట్టించాడు. లోపలి గడియ ఏ ఎత్తున ఉండాలో వడ్రంగికి మామ్మగారే నిలబడి చూపించిందట.